పొగగొట్టానికి ఈ కొసన

తాడుకు ఈ కొస షహజాదీ చేతిలో ఉంది. ఆ కొస మిద్దె మీద, కొడుకు అర్షద్ చేతిలో ఉంది. మధ్యలో పాత ఇంటి పొగగొట్టం, రెండంతస్తుల ఎత్తున మసి, చీకటి. ఒకసారి గుంజితే లాగమని, రెండుసార్లు గుంజితే ఆపమని, మూడుసార్లు గుంజితే తాడు వదిలేసి పక్కకు జరగమని వాడు పైకెక్కే ముందు చెప్పి, చిన్నపిల్ల చేత పాఠం అప్పజెప్పించుకున్నట్టు ఆమె చేత తిరిగి చెప్పించుకుని మరీ పోయాడు. సాయంత్రపు అసర్ నమాజు అయిపోయింది. పొద్దుగూకాక మగ్రిబ్ అజాన్ ఇచ్చే లోపల పైపు దిగాలి, మంట వెలగాలి, చుట్టాలొస్తారు అన్నాడు బాబా. బాబా అంటే ఈ ఇంటి యజమాని, ఆయన భార్య మామా. ఇరవై ఒక్క ఏళ్ళుగా సౌదీలోని ఈ ఇంట్లో వంట చేస్తూ వాళ్ళనలా పిలవడం ఎంత అలవాటైపోయిందంటే, ఊళ్ళో చచ్చిపోయిన సొంత తల్లి మదార్బీని తలుచుకునేటప్పుడు కూడా ఒక్కోసారి నోటికి మామా అనే వస్తుంది, వచ్చినప్పుడల్లా నాలుక కరుచుకుంటుంది. అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో సోఫాలన్నీ గోడకు జరిపి, తివాచీ చుట్టేసి, పొయ్యి నోటి ముందు గోనెపట్ట పరుచుకుని, దుపట్టా ముక్కు మీదికి కట్టుకుని, తల సగం లోపలికి పెట్టి కూర్చుంది. లోపలి నుంచి చల్లగాలి ముఖానికి తగులుతోంది, దాంతో పాటే చల్లారిన బూడిద వాసన, ఎక్కడో ఎప్పుడో తను వదిలేసి వచ్చిన వంటింటి వాసన.

ఏం చేస్తున్నాడో నిన్న ఫోనులో వివరంగా చెప్పాడు. నలభై ఏళ్ళ కిందటి గొట్టం, లోపలి ఇటుకల సందుల్లో సున్నం రాలిపోయింది, మంట పెడితే పొగ పైకి పోకుండా గోడ పగుళ్ళలోంచి పడకగదుల్లోకి పోతుంది, అందుకని గొట్టాన్ని పడగొట్టకుండా లోపల కొత్తగా వంగే స్టీలు పైపు దింపి, చుట్టూ మందంగా పోత పోసి, పైన టోపీ పెడతాం, అంతే మా అన్నాడు. అంతే అని వాడికి. ఆమెకు మాత్రం పాము విడిచిన కుబుసంలోకి పాము మళ్ళీ దూరుతున్నట్టు కనిపించింది, రాత్రంతా అదే. పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు, మొన్న మిద్దె మీద బట్టలారేసేటప్పుడు కొలిచి చూసుకుంది. నడుముకు బెల్టు కట్టుకున్నా అంటాడు, ఆ బెల్టు దేనికి కట్టినట్టు, నీళ్ళ ట్యాంకు కాలికంట, ట్యాంకులో నీళ్ళు సగమే ఉన్నాయి కదా, సగం ట్యాంకు మనిషిని ఆపుతుందా. ఈ తబూక్ ఊరి చలి వేరే ఊళ్ళ చలి కాదు, గాలి కొండల మీది నుంచి సూదుల మూట విప్పుకుంటూ వస్తుంది, వేళ్ళు కొయ్యబారితే తాడు జారదా. పొద్దున వాడు బండి దిగగానే తడి చెప్పులతో ఎక్కొద్దని చెప్పింది, నిచ్చెన మెట్లు లెక్కబెట్టుకుని దిగమంది, కడుపు నిండా తినొద్దంది, తినకుండానూ ఎక్కొద్దంది. వాడు నవ్వాడు. వాడితో వచ్చిన భోజన్న, నిర్మల్ దగ్గరి మనిషి, మీసాల్లో తెల్లవెంట్రుకలున్నవాడు, సంచి భుజాన వేసుకుంటూ "అక్కా, నా గురించి సుత రెండు చెప్పరాదు, నాకెవ్వరు చెప్తలేరు" అన్నాడు. అన్నీ చెప్పింది. చెప్పవలసింది ఒకటుంది, అది తప్ప అన్నీ చెప్పింది.

తాడు ఒకసారి గుంజింది. లాగింది. మూరెడు వచ్చింది, చేతికి కారు నలుపు. పైన ఏదో గరగరమంటూ కదిలింది, పైపు మూతి గొట్టంలోకి దిగినట్టుంది. "మా, ఉన్నావా?" అన్న అర్షద్ గొంతు గొట్టమంతా ఒరుసుకుంటూ దిగి, మసి పూసుకుని, పెద్దవాడి గొంతులాగా వినిపించింది. పెద్దవాడే, ఇరవై ఎనిమిదేళ్ళు. "ఉండాను నాయనా. నువ్వు అంచుకు పోగాకు." "అంచున నిలబడితేనే గదా దించేది." దాని వెనకే భోజన్న గొంతు, "అక్కా, ఫోనెందుకు దండగ, ఈ గొట్టమే మనకు ఫోను." ఒకప్పుడు నిజంగా అలాగే అనుకుంది ఆమె. వచ్చిన కొత్తలో ఫోను శుక్రవారం ఒక్కరోజే, అదీ మామా ఇచ్చినంతసేపే. మిగతా ఆరు రోజులూ బూడిద ఎత్తే వంకతో ఈ పొయ్యి ముందు కూర్చుని, తల లోపలికి పెట్టి, అన్నం తిన్నావా నాయనా, బడికి పోయినావా, జేజిని సతాయించొద్దు అని మెల్లగా చెప్పేది. పైన ఆకాశమే కదా ఉండేది, ఆ ఆకాశమే కదా రాయచోటి పక్క పల్లెలో కూడా ఉండేది. ఏడేళ్ళవాణ్ణి వదిలి వచ్చింది. ఇప్పుడు అదే గొట్టంలోంచి వాడి మాట దిగి వస్తోంది, ఇరవై ఒక్క ఏళ్ళు ఆలస్యంగా.

గాలి గట్టిగా వీచింది, బిగిసిన తాడు ఝుమ్మంది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. నాయన పీర్ సాహెబ్ దూది ఏకే విల్లు చప్పుడు. దూదేకులవాళ్ళ ఇంట్లో పుట్టినదానికి జోలపాట వేరే ఉండదు, టంయ్ టంయ్ టంయ్ అని ఆ నరం మోగుతుంటే గదంతా దూది లేచి తేలుతుండేది, నాయన కనుబొమల మీద, అమ్మ జుట్టు మీద, చంకలో ఉన్న తమ్ముడి చెవుల్లో, నవ్వితే నోట్లోకి. ఊరూరూ విల్లు భుజాన వేసుకుని తిరిగేవాడు, పాత పరుపులు విప్పి దూది ఏకి మళ్ళీ కుట్టేవాడు, వెనకే అమ్మ సూదీదారంతో. పాతది పారెయ్యకూడదు, విప్పి, దుమ్ము దులిపి, కొత్త గలేబులో పెట్టాలి అనేవాడు. కొడుకు చేసేది కూడా అదే పని కదా అనిపించింది షహజాదీకి, పాత గొట్టానికి కొత్త గలేబు, కాకపోతే వాడు లోపలి నుంచి తొడుగుతున్నాడు. నాయన బతికుంటే ఈ మాట చెప్తే సంతోషపడేవాడు. పడేవాడో, పడడో. విల్లు నేర్చుకోరా అని అర్షద్ వెంటబడేవాడు ముసలితనంలో, అప్పటికే టౌనులో స్పాంజి పరుపులొచ్చి విల్లు అటక మీదికి ఎక్కింది.

మళ్ళీ ఒక గుంజు. లాగింది. ఊళ్ళో ఆ పుట్టింటి వంటింట్లో మూడు రాళ్ళ పొయ్యి, నెత్తిన మట్టిమిద్దెకు చిన్న కంత, గవాక్షి. ఆ కంతలోంచే పొగ పోవాలి, ఆ కంతలోంచే పొద్దున వెలుతురు దిగాలి, కందికట్టె పొగలో ఆ వెలుతురు కర్రలాగా నిలబడేది, పట్టుకుందామని చిన్నప్పుడు చెయ్యి చాపేది. వేసవిలో గాలిదుమారం లేచే ముందు మదార్బీ పరుగున వచ్చి, బోర్లించిన రోలెక్కి, గవాక్షిలో పాతగుడ్డ కుక్కేది, లేకపోతే ఊరి దుమ్మంతా సంగటి కుండలోకే. కుక్కినవాళ్ళు మరిచిపోతే మర్నాడు పొయ్యి ముట్టించగానే ఇల్లంతా పొగ, పిల్లలకు ఊపిరాడదు. అందుకే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది, ఎండాకాలం గానీ వానాకాలం గానీ, గుడ్డ పెట్టినా పెట్టకపోయినా, ఎవరు అగ్గిపుల్ల గీసినా మిగతా ఆడవాళ్ళలో ఎవరో ఒకరు అడగాల్సిందే, గుడ్డ తీసినావా అని. అడిగిన దానికి తీసినా అని చెప్పాకే గీయాలి. వాకిట్లో ముగ్గుచెంబు పట్టుకున్న పక్కింటామె కూడా ఒక్కోసారి గోడ మీది నుంచి అడిగేది, నవ్వులాటకు. అర్షద్ పదేళ్ళు ఆ మాట వింటూ ఆ పొయ్యి దగ్గరే పెరిగాడు, వాళ్ళ జేజి మదార్బీ దగ్గర, అమ్మమ్మను వాడు జేజి అనే పిలిచేవాడు. నాలుగు చేతులున్న ఇంట్లో ఒక చెయ్యి మరిచిపోతే ఇంకో నోరు అడుగుతుంది. ఇక్కడ షహజాదీని అడిగేవాళ్ళెవరు.

పైపు దిగుతోంది. గరగర దగ్గరకొస్తోంది, మసి పెళ్ళలు రాలి గోనెపట్ట మీద టపటపమంటున్నాయి. ఇప్పటికైతే సగం దాటి ఉంటుంది, వంపు దగ్గరకొస్తుంది, పై అంతస్తు గదిని తప్పించడానికి గొట్టం ఒక చోట పక్కకు వంగి మళ్ళీ నిటారుగా దిగుతుంది, ఆ వంపు వల్ల పైనుంచి లైటు వేసినా కింద ఏముందో కనపడలేదన్నాడు అర్షద్. బరువు కట్టిన తాడు మాత్రం జారి వచ్చేసింది, తాడు వస్తే దారుందని లెక్క మా అన్నాడు. దారుంది. తాడంత దారి. మొగుడు అల్లాబకాష్ కూడా తాడునే నమ్ముకున్నాడు. శెనక్కాయ మూటల లారీ మీద, ఆకాశమంత ఎత్తున నిలబడి, తాడు బిగించి కాలితో తన్ని పట్టి ముడేసేవాడు, ఆ రోజు ముడి సరిగానే పడింది, తాడే తెగింది. వెల్లకిలా పడ్డాడు. నెత్తురు కూడా రాలేదు. ఆమె పోయేసరికి మొగుడు నిద్రపోతున్నట్టే ఉన్నాడు, మొలలో నీలం గళ్ళ లుంగీ, ఆ లుంగీ ముక్క తర్వాత అమ్మ కుట్టిన బొంతలో పడింది. తెగకుండా ఉండల్ల, తెగకుండా ఉండల్ల అని ఇప్పుడు రెండు చేతులతో తాడును నిమిరింది, నిమిరితే బలం వచ్చేటట్టు.

తాడు రెండుసార్లు గుంజింది. ఆపింది. ఆపినా ఇంకా గుంజుతూనే ఉంది, రెండు, మళ్ళీ రెండు. పైన ఏదో మాట్లాడుకుంటున్నారు. "మా, ఏమో అడ్డం పడిండాది. పైపు పోలా." "సున్నం పెళ్ళ ఏమన్నా ఊడి వంపులో ఇరుక్కుందేమో. నువ్వు జర పక్కకు జరుగు అక్కా" అన్నాడు భోజన్న. సున్నం పెళ్ళ కాదు. అదేంటో ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు, ఏడేళ్ళుగా తెలుసు.

ఏడేళ్ళ కిందట, మార్చిలో, మధ్యాహ్నమే పొద్దుగూకినట్టు ఎర్రటి గాలిదుమారం లేచింది. బాబా తల్లి అప్పటికి ఉంది, ముసలి మామా, ఉబ్బసం మనిషి, ఈ పొయ్యి పక్కనే మంచం. గొట్టంలోంచి దుమ్మూ మసీ కలిసి బుస్సుమని గదిలోకి దిగుతున్నాయి, ముసలామె కళ్ళు తేలేసి గాలికి నోరు తెరుస్తోంది, ఇంట్లో మగవాళ్ళు లేరు, షహజాదీకి ఆలోచన లేదు, చేతులే కదిలాయి, రోలెక్కిన మదార్బీ చేతుల్లాగా. చుట్టూ చూస్తే గొట్టానికి సరిపడా గుడ్డముక్క లేదు. ఒంటి మీద కప్పుకున్న బొంత ఉంది. మదార్బీ కుట్టిన బొంత, సౌదీకి వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టి ఇచ్చింది, అల్లాబకాష్ నీలం లుంగీ, పీర్ సాహెబ్ తెల్ల తలగుడ్డ, మదార్బీ ఆకుపచ్చ చీర, నడిమధ్యన అర్షద్ ఎర్రచొక్కా, జేబుతో సహా. లోపల నాయన ఏకిన దూది. అప్పట్లో శుక్రవారం ఫోనులో వాడు అడిగేది ఒకటే, మా, రాత్రి ఏ ముక్క మీద తల పెట్టుకున్నావు. నీ జేబు మీదే నాయనా అనేది. జేబులో ఏమన్నా పెట్టినావా అని అడిగేవాడు. చెయ్యి పెట్టినా అనేది. ఆ బొంతను చుట్ట చుట్టి, చీపురుకట్టెతో పొడిచి పొడిచి గొట్టంలోకి ఎక్కించింది, దుమ్ము ఆగింది. ముసలి మామా ఊపిరి నిలబడింది. సాయంత్రం కారొచ్చి ఆమెను ఆసుపత్రికి తీసుకుపోతే తోడుగా షహజాదీ పోయింది, ఇరవై రోజులు అక్కడే ఆమె కాళ్ళు పిసుకుతూ ఉండిపోయింది, ఇరవయ్యో రోజు ఆమె పోయింది. తిరిగొచ్చేసరికి మజ్లిస్ నిండా పరామర్శకొచ్చినవాళ్ళు, పొయ్యి నోటికి అడ్డంగా చెక్క కొట్టేసి సోఫా వేశారు. అత్తగారు పోయిన పొయ్యి, ఇక వెలిగించం అంది మామా. వెలిగించనప్పుడు ఏముందిలే, ఒకరోజు చెక్క తీయించి తెచ్చుకుందాంలే అనుకుంది. ఒకరోజు, ఒకరోజు. విమానాలు ఆగిపోయిన ఏడాది ఊళ్ళో మదార్బీ పోతే కడచూపుకు కూడా పోలేక, ఆ రోజంతా ఈ గదిలో సోఫా వెనక్కు చెయ్యి పెట్టి చెక్కను తడుముతూ కూర్చుంది.

నాలుగేళ్ళ కిందట అర్షద్ జెద్దాకు వచ్చి, అక్కడ ఏసీ పనులు నేర్చి, తల్లి ఉన్న ఊరని తబూక్‌కు మారి, ఈ పొయ్యిల పనిలో చేరి, మొదటి శుక్రవారం వంటింటి గుమ్మంలో నిలబడి, టీ తాగుతూ, ఏమీ పట్టనట్టే అడిగాడు, బొంత యాడుంది మా. పెట్లో ఉండాది నాయనా అంది. చూపించమని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదేమో. నిరుడు చలికాలం మామా కొత్తకోడలు సరదాపడి చెక్క తీయించింది, మంట వేయించింది, అయిదు నిమిషాల్లో గదంతా పొగ, బాబా మనవరాళ్ళు ఇద్దరు దగ్గుతూ కళ్ళు నులుముకుంటూ బయటికి పరుగెత్తారు. కిటికీలు తెరిచారు కాబట్టి సరిపోయింది. మూసిన గదిలో బొగ్గులు పెట్టుకుని పడుకుని తెల్లారి లేవనివాళ్ళ సంగతి ఏ చలికాలమైనా ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు, విన్నప్పుడల్లా తన గదిలో కరెంటు హీటరు కూడా ఆర్పేసుకుని వణుకుతూ పడుకునేది షహజాదీ. అలాంటిది, తన చేతులతో పెట్టిన గుడ్డ పిల్లల ఊపిరి తీయబోతుంటే వంటింటి తలుపు వెనక నోటికి కొంగడ్డం పెట్టుకుని నిలబడింది. గొట్టం పాతబడిపోయింది అన్నాడు బాబా. అవును బాబా, పాతది అంది. పాతదే, అబద్ధం కాదు, పగుళ్ళు కూడా నిజమే. ఆ సగం నిజాన్ని పట్టుకునే ఏడాదంతా గడిపింది.

"గుండు ఇయ్యన్నా" అన్నాడు పైన అర్షద్. గొంతు మారింది, పనివాడి గొంతు. "గుండు కట్టి రెండు దెబ్బలేస్తే పగిలి పడతాది. వంపు కాడికి తగలాలంటే నేను లోపలికి వంగల్ల, నా కాళ్ళు పట్టుకో." భోజన్న ఏదో అన్నాడు, గాలి తినేసింది. గొట్టం అంచు మీద చెప్పు రాసుకున్న చప్పుడు. ఇసుక నాలుగు గింజలు ఆమె నుదుటి మీద పడ్డాయి. వంగాడు. తలకిందులుగా వేలాడుతున్నాడు, బెల్టు సగం నీళ్ళ ట్యాంకుకు, కాళ్ళు భోజన్న చేతుల్లో, చేతిలో ఇనుప గుండు, మెత్తటి దాన్ని ఎంత కొడితే పగులుతుంది, పగలదు, ఇంకా కొడతాడు, ఇంకా వంగుతాడు, ఇటుకలు కదులుతాయి, నలభై ఏళ్ళ ఇటుకలు. అల్లాబకాష్ వెల్లకిలా పడి ఉన్నాడు. నెత్తురు కూడా రాలేదు.

తాడును రెండుసార్లు గుంజింది. ఆపమని. కింది నుంచి పైకి గుంజడం గురించి వాడేమీ చెప్పలేదు, అయినా గుంజింది.

"ఏంది మా?"

"గుండు వెయ్యగాకు నాయనా. అది పెళ్ళ కాదు."

"మరి?"

"బొంత."

పైన గుండు ఇటుకకు తగిలి ఆగిన చప్పుడు.

"ఏం బొంత?"

"మీ జేజి కుట్టింది. దుమ్ము వస్తాందని నేనే కుక్కినా. ముసలామె ఉండంగ."

"పెట్లో ఉండాదంటివే."

"అంటి."

"నిరుడు పొగ కమ్మింది దీనికేనా?"

"దీనికే."

పైన చెప్పు మళ్ళీ రాసుకుంది. వంగినవాడు లేచి నిలబడ్డాడో, ఇంకా వంగాడో. "లేసి నిలబడ్రా ముందు" అంది. వాడు నిలబడినట్టే ఉంది, గొంతు దూరమైంది. "నిచ్చెన మెట్లు లెక్కబెట్టుకోమంటివి. చెప్పులు తడవగూడదంటివి. రాత్రి తలుపు గడియ పెట్టుకున్నావా అని ఫోను చేసి లేపుతావు. ఇన్ని చెప్పేదానివి ఈ ఒక్కటీ చెప్పలేకపోతివా మా." కోపం లేదు ఆ మాటలో, అదే భరించలేకపోయింది. కోపమైతే ఆమెకు జవాబు తెలుసు. లోకంలో ఉన్న భయాలన్నీ నోటితో చెప్పుకుంటే తేలికయ్యేవే, తన చేత్తో చేసింది ఒక్కటే నోటికి రాదని వాడికెట్లా చెప్పడం, చెప్పడానికి ఆమెకే ఇప్పుడిప్పుడే తెలుస్తుంటే. "భయమేసింది నాయనా" అంది, రోజూ అనే మాటే.

"సరే తీయ్" అన్నాడు భోజన్న, "తల్లీకొడుకుల పంచాయితీ అన్నం కాడ పెట్టుకుందురు. పొద్దుగూకుతాంది, అక్కా, కింద ఏమన్న కొక్కెం అసుంటిది ఉన్నదా?"

నిప్పులు కెలికే కడ్డీ ఉంది, కొస వంకర తిరిగింది. దాన్ని బూజుకర్రకు ఇంకో తాడుముక్కతో బిగించి కట్టింది, ముడి మీద ముడి, మూడు ముళ్ళు. పైపును పైకి లాగి కట్టేశామని అర్షద్ చెప్పాడు. ఇప్పుడు జాగ్రత్తలు వాడి వంతు. "కళ్ళు మూసుకో మా. మూతి గట్టిగా కట్టుకో. నిలబడి నిదానంగా చెయ్యి పైకి పెట్టు. కొక్కెం తగిలినాక ఒక్కసారే గుంజగాకు, మెలిపెట్టి మెలిపెట్టి లాగు. కాలు జారుతాది, బూడిద ఉంటాది, చూసుకో. మా, వింటాండావా." వింటోంది. ఈ మాటలన్నీ తనవే, అటు తిరిగి వస్తున్నాయి. పొయ్యిలోకి వంగి దూరి, లోపల నిటారుగా లేచి నిలబడింది. భుజాల దాకా గొట్టం. తలా చేతులూ చీకట్లో. చుట్టూ ఇటుకలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే గుండె చప్పుడు వాటికి తగిలి తిరిగొస్తోంది. ఎన్ని భయాలు పడ్డాగాని ఈ గొట్టంలోకి తనే దూరాల్సి వస్తుందన్న భయం ఒక్కటి పడలేదు. చెయ్యి చాపింది, కర్ర చాపింది, మెత్తగా తగిలింది. పొడిచింది, తిప్పింది, కొక్కెం ఎక్కడో దూది పొరలో దిగింది. మెలిపెట్టింది. రాలేదు. నాయన దూది చిక్కు విప్పేటప్పుడు బలం పెట్టేవాడు కాదు, ఒడుపు పెట్టేవాడు, మణికట్టు మాత్రం కదిలేది, టంయ్. మణికట్టు తిప్పింది. ఇంకోసారి. కుట్టు ఒకటి తెగిన చప్పుడు, అయ్యో అమ్మ కుట్టు, ఆ వెంటనే మొత్తం కదిలి, మసి కుండపోతగా నెత్తిన దిగి, ఏదో బరువు, చచ్చిన పిల్లిలాంటి మెత్తటి బరువు ఆమె రొమ్ము మీద పడింది. రెండు చేతులతో పట్టుకుని అట్లాగే కిందికి కూలబడింది. గొట్టంలోంచి ఒక్క ఉదుటున గాలి దిగింది, దాని వెనక పలచగా, బూడిదరంగుగా, పట్టుకుందామన్నా చేతికి రానట్టు వెలుతురు.

"వచ్చిందా మా?"

దగ్గు ఆగాక చెప్పింది. "వచ్చింది."

పైన నల్లగా కాలిన తోలులా ఉంది. మడత విప్పితే లోపలి పొర బూడిదరంగు, ఇంకో మడత విప్పితే నీలం గళ్ళు, అక్కడక్కడ ఎలుక కొట్టినట్టు చిరుగులు, ఇంకో మడతలో ఎరుపు. ఎరుపు ఎరుపుగానే ఉంది. జేబు ఉంది. మసి చేతులతో ముట్టుకోవడానికి మనసొప్పక మోచేతి వెనకభాగంతో తాకి చూసింది. వేలు పట్టని జేబు, అంత చిన్నది, అందులో రోజూ చెయ్యి పెట్టుకుని పడుకున్నానని వాడికి ఎట్లా చెప్పేది, ఎట్లా నమ్మేవాడు. తాడు ఒకసారి గుంజింది. బొంతను ఒళ్ళో పెట్టుకునే లాగింది. మళ్ళీ గుంజింది, లాగింది, గుంజింది, లాగింది, ఆగకుండా, గరగరమని వచ్చి వచ్చి, పైపు మూతి పొయ్యి నెత్తిన తళతళలాడుతూ కనిపించింది, పుట్టిన బిడ్డ నడినెత్తిలాగా గుండ్రంగా.

వాళ్ళు పైన పోత పోసి, టోపీ బిగించి దిగేదాకా ఆమె వాకిట్లో నిచ్చెన కింద నిలబడి మెట్లు లెక్కపెట్టింది. పద్దెనిమిది. అర్షద్ ముఖం మసితో నల్లగా ఉంది, కళ్ళ దగ్గర రెండు చారలు తెల్లగా ఉన్నాయి, గాలికి నీళ్ళు కారాయేమో. మజ్లిస్‌లోకి వచ్చి బొంత ముందు గొంతుక్కూర్చుని, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, జేబులో రెండు వేళ్ళు పెట్టబోయాడు, పట్టలేదు, ఒక వేలు పెట్టాడు. అప్పుడే మామా లోపలికొచ్చి, ఒళ్ళంతా నలుపైన వంటమనిషినీ, నేల మీది దాన్నీ చూసి ఏమిటిదని అడిగింది. అర్షద్ లేచి, పనిలో నేర్చిన అరబీలో, పక్షి గూడు మామా, పాతది అన్నాడు. ఆ మాట ఎంత సులువుగా అన్నాడు, తల్లి కోసం ఎంత తొందరగా అన్నాడు. దాన్ని అట్లాగే ఉంచేస్తే అయిపోయేది. షహజాదీ తల అడ్డంగా ఊపి, "లా మామా, హాదా హగ్గీ" అంది. కాదు, ఇది నాది. ముసలి మామాకు ఊపిరాడని రోజు, దుమ్ము, నేనే పెట్టాను, నిరుడు పొగ దీనివల్లే, పిల్లలు దగ్గింది దీనివల్లే, నేను చెప్పలేదు. తెలిసిన అరబీ మాటలన్నీ అయిపోయేదాకా చెప్పింది. మామా చాలాసేపు బొంత వంకే చూసింది. ఆకుపచ్చ చీర ముక్కను గుర్తుపట్టినట్టుంది, అత్తగారి మంచం పక్కన ఏళ్ళ తరబడి చూసిందే. బాబాకు నేను చెప్తాను, తర్వాత మాట్లాడదాం అంది. ఆ తర్వాత ఏమవుతుందో, పంపించేస్తారో, ఉంచుతారో, షహజాదీకి తెలియదు. మామా గుమ్మం దాటబోతూ ఆగి, ఆ రోజే అత్త పోవాల్సింది, ఇరవై రోజులు ఉంది అని, ఎవరితో అన్నట్టు కాకుండా అని, వెళ్ళిపోయింది.

భోజన్న సమర్ కట్టెలు పేర్చాడు, తుమ్మజాతి కట్టె, పొడి వాసన. దూరంగా మగ్రిబ్‌కు మొదటి మసీదు గొంతు సవరించుకుంటోంది. అర్షద్ మోకాళ్ళ మీద కూర్చుని అగ్గిపెట్టె తెరిచాడు, పుల్ల తీశాడు, పెట్టె అంచుకు ఆనించాడు. ఆనించి ఆగాడు. వెనక్కి తిరిగి, బొంతను ఒళ్ళో పెట్టుకుని గోడకానుకున్న తల్లిని చూశాడు. తను వదిలి వచ్చిన ఏడేళ్ళ పిల్లవాడి ముఖంలో ఉండేది ఆ చూపు, నవ్వు ఆపుకుంటున్నదీ, ఆపుకోలేనిదీ.

"గుడ్డ తీసినావా మా?"

ఆ గుడ్డ కుక్కిన నాటి నుంచీ ఎవరూ అడగని మాట. ముగ్గుచెంబు పట్టుకున్న పక్కింటామె గోడ మీది నుంచి అడిగినట్టు, రోలెక్కిన మదార్బీ కిందికి చూసి అడిగినట్టు.

"తీసినా నాయనా" అంది, "అంటించు."

అని, లేచిపోయి, ఎందుకైనా మంచిదని రెండు కిటికీలూ తెరిచి వచ్చి కూర్చుంది.